మజిల్ కారు చరిత్రలో బరువు, చక్రం, కమాను



ఎడ్లబండికి బస్తాలు ఎత్తేటప్పుడు మన ఇళ్లల్లో పెద్దవాళ్లు ఒక మాట అడిగేవారు. "మొగ్గు ఎటుందిరా?" అని. బస్తాలు ముందుకు ఎక్కువ పడితే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి ఎక్కువ పడితే కాడి పైకి లేచి పలుపులు గొంతుకు బిగుసుకుంటాయి. అప్పుడు ఎద్దు ఎంత బలమైనదైనా అడుగు వేయలేదు. బస్తాలు అవే, ఎద్దులు అవే, దారి అదే. ఇరుసు మీద బరువు కూర్చున్న తీరు మారింది, అంతే. బళ్లారి వైపు అయినా, హోసూరు వైపు అయినా, రాయగడ వైపు అయినా, బండి తోలిన ఇంట పుట్టినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు.

ఇవాళ్టి ప్రసంగం అమెరికా దేశపు మజిల్ కార్లను గురించి. మజిల్ అంటే కండ. కండబలం చూపించే కారు అన్నమాట. ఎద్దులబండికీ దానికీ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. ఆ కార్ల చరిత్ర అంతా ఇంజను చరిత్రగానే రాశారు. ఏ ఏడు ఎన్ని హార్స్‌పవర్లు, ఎన్ని లీటర్లు, అదే లెక్క. నేను ఆటోమొబైల్ పాఠాలు చెప్పిన రోజుల్లో పిల్లలు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే: "ఎన్ని హార్స్‌పవర్ సార్?" నన్నడిగితే ఆ చరిత్రను కింది నుంచి చదవాలి. రబ్బరు నేలను తాకే చోటి నుంచి మొదలుపెట్టి, చక్రం, ఇరుసు, కమాను మీదుగా పైకి రావాలి. అప్పుడు కథ వేరుగా కనిపిస్తుంది.

ముందు, ఆ కారు ఎలా పుట్టిందో చూద్దాం. 1963 జనవరిలో జనరల్ మోటార్స్ కంపెనీ తన విభాగాలేవీ కార్ల పందేలలో పాల్గొనకూడదని ఆంక్ష పెట్టింది. ఆ కంపెనీలో పాంటియాక్ అనే విభాగం పందేల పేరు మీదే యువకులకు కార్లు అమ్ముకుంటోంది. ఇప్పుడేం చేయాలి? చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయనతో పనిచేసే బిల్ కాలిన్స్, రస్ గీ అనే ఇంజనీర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. టెంపెస్ట్ అని వాళ్లకు ఒక మధ్యరకం సంసారి కారు ఉంది. దానిలోనే పెద్ద కారుకు వాడే 389 ఘనపు అంగుళాల ఇంజను దింపారు. మన లెక్కలో అది దగ్గర దగ్గర 6.4 లీటర్లు. మన అంబాసిడర్ ఇంజను ఒకటిన్నర లీటరు అని గుర్తు చేసుకుంటే తేడా తెలుస్తుంది. అయితే అంత సైజు కార్లలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని కంపెనీ నిబంధన. దాన్ని దాటడానికి, ఇది కొత్త మోడల్ కాదు, ఉన్న కారుకు కొనేవాళ్లు కోరుకుంటే ఇచ్చే అదనపు సామాను మాత్రమే అన్నారు. 300 డాలర్ల లోపే దాని ఖరీదు. ఆ సామానుకు ఇటలీ వారి ఫెరారీ కారు నుంచి ఎరువు తెచ్చుకున్న పేరు పెట్టారు: జీ.టీ.ఓ. 5,000 అమ్ముడైతే చాలనుకున్నారు. 1964 మోడల్ సంవత్సరంలో 32,450 అమ్ముడయ్యాయి.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పాలి. 1964లో ఒక ప్రసిద్ధ కార్ల పత్రిక ఈ బండిని పరీక్షించి, నిలబడిన చోటి నుంచి గంటకు 60 మైళ్ల వేగం 4.6 సెకన్లలో అందుకుందని రాసింది. దేశమంతా నోరు తెరిచింది. పత్రికకు ఇచ్చిన కారులో ఉన్నది 389 ఇంజను కాదు, దానికంటే పెద్దదైన 421 అని, ప్రచారం నడిపిన జిమ్ వాంగర్స్ చాలా ఏళ్ల తరువాత తానే ఒప్పుకున్నాడు. మజిల్ కారు పుట్టిన ఏటినుంచే బలం లెక్కల్లో కొంత కల్తీ ఉందన్నమాట.

అసలు సంగతికి వద్దాం. ఇంజను పెద్దదైంది. కింద ఏముంది? పద్నాలుగు అంగుళాల చక్రాలు. ఏడున్నర అంగుళాల టైర్లు. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. వెనుక ఒకే గట్టి ఇరుసు. అంటే, సంసారి కారుకు సరిపోయేదే కాస్త బిగించి ఇచ్చారు.

ఒక మోటు లెక్క వేసుకుందాం. కారు బరువు సుమారు 1,600 కిలోలు అనుకోండి. పెద్ద ఇంజను ముందు కూర్చుంది కాబట్టి నూటికి 55 వంతుల బరువు ముందు చక్రాల మీద పడుతుంది. నడిపించేది వెనుక చక్రాలు. వాటి మీద ఉన్నది 720 కిలోలు. కారు ఎగిసి ముందుకు దూకినప్పుడు బరువు కొంత వెనక్కి వాలుతుంది. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లం వెనక్కి తూలుతామే, అదే. మరో 140 కిలోలు వెనక్కి వచ్చాయనుకుందాం. మొత్తం 860. ఆనాటి రబ్బరు తన మీద పడ్డ బరువులో నూటికి 80 వంతులకు మించి పట్టు ఇవ్వడం కష్టం. అంటే 700 కిలోలకు అటూ ఇటూ తోపు మాత్రమే నేలకు అందుతుంది. మొదటి గేరులో ఆ ఇంజను వెనుక చక్రాల దగ్గర ఇవ్వగలిగిన తోపు 1,200 కిలోలు దాటుతుంది. మిగిలిన బలం ఎక్కడికి పోయింది? పొగగా పోయింది. టైరు కాలిన వాసనగా పోయింది. సినిమాల్లో ఈ కార్లు కీచుమని అరుస్తూ, తెల్లటి పొగ వదులుతూ కదలడం చూసి మనం బలం అనుకుంటాం. అది నేలకు అందని బలం.

దీనికి తోడు ఇంకో జబ్బు ఉంది. మన లారీ షెడ్లలో పనిచేసేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. వెనుక ఇరుసును కమాన్ కట్టలకు బిగిస్తారు. ఇంజను ఒక్కసారిగా బలం ఇచ్చినప్పుడు చక్రం ముందుకు తిరుగుతుంది, దానికి ఎదురుగా ఇరుసు గొట్టం వెనక్కి మెలి తిరగాలని చూస్తుంది. కమాన్ పట్టీ పాములాగా వంకర తిరుగుతుంది. టైరు జారగానే ఆ మెలి ఒక్కసారిగా విడిపోతుంది. మళ్లీ పట్టు దొరుకుతుంది, మళ్లీ మెలి. సెకనుకు ఎన్నో సార్లు ఇలా జరిగితే వెనుక చక్రాలు నేల మీద దడదడమని గెంతుతాయి. దాన్ని వీల్ హాప్ అంటారు. 1967లో వచ్చిన మొదటి కమారో కారుకు వెనుక ఒక్కో వైపు ఒకే ఒక్క పట్టీ ఉండేది. పెద్ద ఇంజను వేసినప్పుడు గెంతడం భరించలేకపోయారు. మరుసటి ఏడు ఒక షాక్ అబ్జార్బర్‌ను ఇరుసుకు ముందువైపు, రెండోదాన్ని వెనుకవైపు బిగించారు. బలమైన ఇంజన్లున్న బండ్లకు ఎక్కువ పట్టీల కమాన్లు వేశారు. ఇరుసు ఎటు మెలి తిరగబోయినా ఒక షాక్ అబ్జార్బర్ అడ్డుపడుతుంది. చూడటానికి చిన్న పని, ఫలితం మాత్రం పెద్దది.

క్రైస్లర్ కంపెనీ వాళ్లు ఈ విషయంలో ఇంకా తెలివిగా నడిచారు. వాళ్ల కార్లకు ముందు టార్షన్ బార్లు, వెనుక కమాన్ కట్టలు. మన అంబాసిడర్ అమరిక కూడా అదే కదా! కాకపోతే వాళ్లు ఇరుసును కమాను నడిమధ్యన కాక బాగా ముందుకు జరిపి బిగించారు. ముందు భాగం పొట్టిగా, గట్టిగా ఉంటే మెలి తిరగదు. ఇంకో సంగతి. ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరిగే దిశను బట్టి గట్టి ఇరుసులో కుడి వెనుక చక్రం తేలికపడి పైకి లేవబోతుంది, ఎడమది నేలకు అదుముకుంటుంది. అందుకని బలమైన ఇంజన్లున్న కార్లలో కుడివైపు కమానుకు అదనపు పట్టీలు వేశారు. ఎడమ కమాను ఒక లెక్క, కుడి కమాను ఇంకో లెక్క. కింద దూరి చూసిన మెకానిక్ ఎవరైనా ఫ్యాక్టరీలో పొరపాటు జరిగిందనే అనుకుంటాడు.

ఇక బరువు సంగతి. ఆ రోజుల్లో యువకుల పందెం అంతా తిన్నటి రోడ్డు మీదే. పావు మైలు, అంటే 402 మీటర్లు. ఆ పావు మైలు కోసం కంపెనీలే చేసిన పనులు వింటే నవ్వు వస్తుంది. 1963లో, ఆంక్ష రాకముందే, పాంటియాక్ వారు కాటలినా అనే పెద్ద కారు ఛాసిస్‌కు వరసగా చిల్లులు పొడిచారు. ఇనుము తగ్గితే బరువు తగ్గుతుందని. అలాంటివి డజను పైచిలుకు మాత్రమే చేశారు. చిల్లుల జున్నుగడ్డలా ఉందని జనం దానికి స్విస్ చీజ్ అని పేరు పెట్టారు. 1964లో ఫోర్డ్ వారు ఫెయిర్‌లేన్ అనే కారులో 7 లీటర్ల ఇంజను దింపి థండర్‌బోల్ట్ అన్నారు. బానెట్టూ ముందు మడ్‌గార్డులూ ఫైబర్‌గ్లాసు. ముందున్న నాలుగు లైట్లలో లోపలి రెండూ పీకేసి, ఆ రంధ్రాల గుండా ఇంజనుకు గాలి గొట్టాలు పెట్టారు. అవి 100 కార్లు చేశారు.

1965లో క్రైస్లర్ ఇంజనీర్లు చేసిన పని అన్నింటికంటే విచిత్రం. డాడ్జ్, ప్లిమత్ బాడీలను ఆసిడ్ తొట్టిలో ముంచి రేకును పలచన చేశారు. అంతటితో ఆగలేదు. వెనుక చక్రాలను 15 అంగుళాలు, ముందు చక్రాలను 10 అంగుళాలు ముందుకు జరిపేశారు. మీరు వెంటనే పట్టేసి ఉంటారు. ఇరుసును ముందుకు జరిపితే బండికి వెనక మొగ్గు వస్తుంది! వాళ్లకు కావలసింది అదే. లాగే ఎద్దులు ముందు లేవు, తోసే చక్రాలు వెనుక ఉన్నాయి. మన బండికి శాపమైన వెనక మొగ్గు వాళ్లకు వరమైంది. చక్రాలు ఉండవలసిన చోట లేక కారు వింతగా, నవ్వు పుట్టించేలా కనిపించేది. పందేలలో ఇప్పటికీ ఒక తరగతికి ఫన్నీ కార్ అనే పేరు నిలిచిపోయింది. ఆ పేరు పుట్టింది ఈ బండ్ల దగ్గరే. 1968లో ఇదే కంపెనీ పందేల కోసం చేసిన చిన్న కార్లలో బరువైన బ్యాటరీని ముందు నుంచి తీసి డిక్కీలో కుడి వెనుక చక్రం పైన పెట్టారు. ఎందుకు కుడివైపో ఇందాకే చెప్పుకున్నాం. కిటికీ అద్దాలు పలచటివి, వాటిని పైకి లేపడానికి యంత్రం లేదు, పట్టీ పట్టుకుని లాగుకోవడమే.

ఇవన్నీ తిన్నటి రోడ్డు తెలివితేటలు. లోకంలో రోడ్లన్నీ తిన్నగా ఉండవు. వంపు దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. దూకుడు కోసం ముందు కమాన్లు మెత్తగా ఉంటే మంచిది, ముక్కు పైకి లేచి బరువు వెనక్కి వాలుతుంది. అదే మెత్తదనం వంపులో కారును పడవలా ఒరిగిస్తుంది. ముందు బరువున్న కారు మలుపులో స్టీరింగు తిప్పినా తిరగదు, తిన్నగా పొలంలోకి పోవాలని చూస్తుంది. ఒకే కారు రెండు పనులూ చేయాలంటే కింద ఉన్నదంతా మళ్లీ ఆలోచించాలి.

అలా ఆలోచించినవాళ్లూ ఉన్నారు. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న మార్కెట్లోకి వచ్చింది. కారల్ షెల్బీ అనే పాత పందెగాడు దాన్ని తీసుకుని 1965లో జీ.టీ.350 తయారుచేశాడు. ఇంజను మార్చలేదు. అదే 4.7 లీటర్లు. 271 హార్స్‌పవర్‌ను 306 చేశాడు, అంటే పెరిగింది 35. పని అంతా కింద జరిగింది. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ ఆలోచన ప్రకారం, ముందు చక్రాన్ని పట్టుకునే పై చేతిని బాడీకి బిగించే చోటును ఒక అంగుళం కిందికి దించారు. ఒక్క అంగుళం! అంతకు ముందు వంపులో కారు ఒరిగితే బయటి చక్రం కూడా దానితోపాటు ఒరిగి, టైరు అంచు మీద మాత్రమే నిలబడేది. అంగుళం దించాక చక్రం లోపలికి వాలి టైరు పూర్తిగా నేలకు ఆనుతుంది. వెనుక ఇరుసు మెలి తిరగకుండా కడ్డీలు, మంచి షాక్ అబ్జార్బర్లు, ముందు డిస్క్ బ్రేకులు. వెనుక సీటు తీసేశారు. మొదట చేసిన బండ్లలో బ్యాటరీ డిక్కీలోకి పోయింది. ఆ కారు 1965, 66, 67 మూడేళ్లూ తన తరగతిలో జాతీయ విజేత అయింది.

మార్క్ డోనహ్యూ అనే ఇంజనీరు డ్రైవరు కథ కూడా ఇలాంటిదే. రోజర్ పెన్స్కే జట్టు తరఫున ట్రాన్స్-యామ్ అనే పందేల వరుసలో కమారో నడిపాడు. ఆ పందేలలో ఇంజను 5 లీటర్లకు మించకూడదు. అందరికీ బలం ఒకటే కాబట్టి గెలుపు అంతా బరువులో, కమాన్లలో, చక్రాల్లో వెతుక్కోవలసిందే. వీళ్లు కూడా బాడీని ఆసిడ్‌లో ముంచారు. రేకు ఎంత పలచనైందంటే పైకప్పు ముడతలు పడింది. ఆ ముడతలు కనపడకుండా పైన వినైల్ గుడ్డ అంటించారు. ఇది నియమాలకు విరుద్ధం కాదా అంటే, బరువు నియమం విషయంలో ముమ్మాటికీ విరుద్ధమే. కానీ డోనహ్యూ గెలుపు ఆ ఒక్క మోసంలో లేదు. ప్రతి పందేనికీ ముందు కమాన్ల బిగువు, చక్రం వాలు కొలుచుకుని, మార్చి, మళ్లీ కొలిచేవాడు. 1968లో 13 పందేలలో 10 గెలిచాడు. 1975లో ఆస్ట్రియాలో సాధన చేస్తుండగా టైరు దెబ్బతిని కారు ట్రాక్ దాటిపోయింది. ఆ గాయాలతోనే ఆయన చనిపోయాడు.

పందేల మైదానంలో నేర్చిన ఈ పాఠం షోరూముకు చేరలేదు. అక్కడ ఇంజన్లు మాత్రం పెరుగుతూ పోయాయి. 1970లో షెవెల్ అనే కారులో 454 ఘనపు అంగుళాల ఇంజను పెట్టి 450 హార్స్‌పవర్ అన్నారు. చక్రాలు మాత్రం ఇంకా 14 అంగుళాలవే. కొన్నది ఎవరు? ఎక్కువగా ఇరవై ఏళ్లు నిండీ నిండని కుర్రవాళ్లు. వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చినవాళ్లూ, ఫ్యాక్టరీల్లో మొదటి జీతం అందుకున్నవాళ్లూ. అమెరికాలో రోడ్డు ప్రమాద మరణాలు 1966లో 50,000 దాటాయి. 1972లో 54,000 దాటాయి. ఆ మరణాలన్నీ మజిల్ కార్ల పాపమని అనడం తప్పు. సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు, తాగి నడిపినవాళ్లు ఎక్కువ. కానీ ఈ బండ్లకు బీమా కంపెనీలు వేసిన అదనపు రుసుము చూస్తే, లెక్కలు రాసుకునేవాళ్లకు ఏం తెలిసిందో అర్థమవుతుంది. కారు ధరకు తోడు బీమా కూడా కట్టలేక కుర్రవాళ్లు వెనక్కి తగ్గారు. 1970 నాటి పరిశుభ్ర వాయు చట్టం, 1973 నాటి చమురు సంక్షోభం మిగిలిన పని పూర్తిచేశాయి. 1972 నుంచి హార్స్‌పవర్ కొలిచే పద్ధతి కూడా మారింది. విడిగా బల్ల మీద బిగించిన ఇంజను లెక్క పోయి, కారులో ఉండే సరంజామాతో కొలిచే లెక్క వచ్చింది. అంకెలు ఒక్కసారిగా పడిపోయాయి.

బలం పడిపోయిన ఈ కాలంలోనే చక్రం బాగుపడటం ఒక వింత. అప్పటిదాకా అమెరికా కార్లకు వేసినవి అడ్డదిడ్డంగా, చాప అల్లికలా దారాలు పేర్చిన టైర్లు. వంపులో పక్క గోడ వంగితే నేలను తాకే భాగం కూడా మెలిపడి పైకి లేచేది. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లోనే రేడియల్ టైరుకు పేటెంటు తీసుకుంది. అందులో దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు తిన్నగా పోతాయి, నేలను తాకే భాగం కింద ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. గోడ వంగినా అడుగు చదునుగానే ఉంటుంది. అమెరికా టైరు ఫ్యాక్టరీలకు దానికోసం యంత్రాలన్నీ మార్చాలి. అందుకని వాళ్లు చాలా ఏళ్లు వాయిదా వేశారు. డెబ్బైల నడుమ గానీ రేడియల్ అక్కడ మామూలు కాలేదు. పాత కమాన్ల మీద కొత్త టైరు వేస్తే కుదుపులు ఎక్కువయ్యాయి. కాబట్టి కమాన్లను కూడా టైరుకు తగ్గట్టు మార్చవలసి వచ్చింది. 1978 నాటి పాంటియాక్ ట్రాన్స్ యామ్ కారుకు 8 అంగుళాల వెడల్పు చక్రాలు, గట్టిపరచిన కమాన్లు కోరుకుంటే ఇచ్చేవారు. పదేళ్లనాటి తాతల కంటే దానికి బలం తక్కువ. వంపులో మాత్రం తాతలు దాన్ని అందుకోలేరు.

ఎనభైలలో చెప్పుకోవలసింది కొంచెమే. మస్టాంగ్ వారు గెంతుడు జబ్బును ఆపడానికి ఇరుసుకు అడ్డంగా ఇంకో రెండు షాక్ అబ్జార్బర్లు తగిలించారు. ఇరవై ఏళ్లు గడిచినా జబ్బు అదే, మందు అదే.

గట్టి ఇరుసును అంతకాలం ఎందుకు వదల్లేదు అంటే, అది చవక, గట్టిది, తిన్నటి రోడ్డు మీద దూకేవాళ్లకు నచ్చుతుంది. కానీ అందులో ఒక లోపం ఉంది. కుడి చక్రం గుంటలో పడితే ఎడమ చక్రం కూడా వాలుతుంది, రెండూ ఒకే కడ్డీకి ఉన్నాయి కాబట్టి. పైగా ఇరుసు, డిఫరెన్షియల్, చక్రాలు, అంతా కమాను కింద ఉన్న బరువు. కమాను పైన ఉన్న బరువు పల్లకిలో కూర్చున్నవాడి లాంటిది, కింద ఉన్నది బోయీ కాలికి కట్టిన బరువు లాంటిది. పల్లకిలో నాలుగు కిలోలు పెరిగినా బోయీ నడుస్తాడు. కాలికి కిలో రాయి కడితే అడుగు సరిగా పడదు. చక్రం విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. దాన్ని ముందుకు నడపాలి, గుండ్రంగా తిప్పాలి. అంచున ఉన్న ప్రతి కిలో వేగం అందుకునేటప్పుడు దాదాపు రెండు కిలోల పని అడుగుతుంది.

2008లో డాడ్జ్ ఛాలెంజర్, 2010 మోడల్‌గా కమారో మళ్లీ వచ్చాయి. వెనుక చక్రాలు దేనికది విడిగా కదిలే అమరిక వాటికి ఉంది. మస్టాంగ్ మాత్రం 2015 మోడల్ దాకా మామూలు బండ్లలో గట్టి ఇరుసునే పట్టుకుని వేలాడింది. కొత్తవాటికి షోకు కోసం 20 అంగుళాల చక్రాలు వేశారు. బరువూ బాగా పెరిగింది. ఎయిర్ బ్యాగులు, గుద్దుకున్నా నలగని బాడీ వగైరాల వల్ల పెరిగిన బరువును నేను తప్పు పట్టను. షోకు వల్ల పెరిగినదాన్ని మాత్రం పడతాను.

ఈ మొత్తం చరిత్రకు తక్కెడలో తూచినట్టు ఒక రుజువు దొరికింది. షెవ్రొలే వారే రెండు కమారోలు చేశారు. ఒకటి 2012లో వచ్చిన జెడ్.ఎల్.1. సూపర్‌చార్జర్ పెట్టిన ఇంజను, 580 హార్స్‌పవర్. రెండోది 2014 మోడల్ జెడ్/28. సూపర్‌చార్జర్ లేదు, 505 హార్స్‌పవర్. అంటే 75 తక్కువ. కానీ బరువు మొదటిదానికంటే సుమారు 136 కిలోలు తక్కువ. ఎలా తగ్గించారో చూడండి. ఎయిర్ కండిషనర్ కావాలంటేనే ఇచ్చేవారు. వెనుక అద్దం మందం 3.5 మిల్లీమీటర్ల నుంచి 3.2కు దించారు. డిక్కీలో తివాచీ తీసేశారు. స్పీకర్లన్నీ పీకేసి ఒక్కటే ఉంచారు, అది కూడా సీటు బెల్టు గంట వినపడాలి కాబట్టి. చక్రాలను 20 అంగుళాల నుంచి 19కి తగ్గించారు. షోకు పోయింది, కాలికి కట్టిన రాయి తేలికైంది. టైర్లు ముందూ వెనుకా ఒకే వెడల్పు, 305 మిల్లీమీటర్లు. ఆ రబ్బరు పట్టు ఎంతటిదంటే టైరు నేల మీద జారక, చక్రం టైరులోనే జారిపోవడం మొదలుపెట్టింది. అందుకని రిమ్ముకు లోపల గరుకు పట్టించవలసి వచ్చింది. షాక్ అబ్జార్బర్లు ఫార్ములా వన్ పందేల నుంచి తెచ్చినవి.

జర్మనీలో నూర్‌బుర్గ్‌రింగ్ అనే ట్రాక్ ఉంది. కొండల్లో అడవి గుండా 20 కిలోమీటర్ల పైచిలుకు, అంతా వంపులే. రెండు కార్లనూ అక్కడ తిప్పారు. 580 హార్స్‌పవర్ కారు 7 నిమిషాల 41 సెకన్ల పైచిలుకులో వచ్చింది. 505 హార్స్‌పవర్ కారు 2013లో 7 నిమిషాల 37 సెకన్ల పైచిలుకులో వచ్చేసింది. దాదాపు నాలుగు సెకన్ల ముందు. అదీ ట్రాక్ కొంతభాగం తడిగా ఉన్నప్పుడు. పాఠాలు చెప్పే రోజుల్లో ఈ రెండు అంకెలు నా దగ్గర ఉంటే బోర్డు మీద వేరే ఏమీ రాసేవాణ్ణి కాదు.

ఆ తరువాత ఫోర్డ్ వారి జీ.టీ.350ఆర్ మస్టాంగ్‌కు కార్బన్ ఫైబర్ చక్రాలు వచ్చాయి. అల్యూమినియం చక్రంతో పోలిస్తే బరువు దాదాపు సగం. 2018లో డాడ్జ్ డీమన్ వచ్చింది. పందేల పెట్రోలుతో 840 హార్స్‌పవర్. అది మాత్రం పాత దారిలోనే, పావు మైలు కోసమే పుట్టింది. ముందు కమాన్లు మెత్తన చేశారు, ముక్కు లేచి బరువు వెనక్కి వాలడానికి. డ్రైవరు సీటు తప్ప మిగిలిన సీట్లు తీసేశారు, కావాలనుకున్నవాళ్లు ఒక డాలరు ఇచ్చి తెచ్చుకోవలసి వచ్చేది. బయలుదేరేటప్పుడు ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. 1965లో చక్రాలు జరిపి సాధించిన వెనక మొగ్గునే ఇప్పుడు కమాన్లతో సాధించారు.

2023 డిసెంబరులో పెట్రోలు ఛాలెంజర్, కమారో రెండింటి తయారీ ఆగిపోయింది. డాడ్జ్ వారు 2024లో కరెంటుతో నడిచే ఛార్జర్ డేటోనా తెచ్చారు. దాని బరువు 2,600 కిలోలు దాటింది. తొలి జీ.టీ.ఓ. మీద మరో వెయ్యి కిలోలు ఎక్కించినట్టు. అయితే ఆ బరువులో ఎక్కువ భాగం బ్యాటరీ, అది నేలకు దగ్గరగా, రెండు ఇరుసుల నడుమ పరుచుకుని ఉంటుంది. నాలుగు చక్రాలూ తోస్తాయి కాబట్టి వెనక మొగ్గు అవసరం చాలావరకు తీరిపోయింది. కానీ వంపులో ఆ బరువును పట్టి నిలపవలసిన టైర్లకు, ఆపవలసిన బ్రేకులకు అది తేలిక కాలేదు. వాటి పని ఏమవుతుందో టైర్లు మార్పించుకునే వాళ్ల బిల్లులు చూస్తే కొన్నాళ్లకు తెలుస్తుంది.